ఆగిపోయిన తాబేలు

"దొంగనైతే మీ కాడికెందుకొస్త సారూ?"

వనపర్తిలో సైకిల్ షాపు మీది గదిలో, డిటెక్టివ్ మార్కండేయ కుర్చీ చూపించినా సాయమ్మ కూర్చోలేదు. కొత్తకోట హైవే మీద దశరథం కట్టించిన హోటల్లో ఈతకొలను శుభ్రంగా ఉంచడం ఆమె పని. ఆదివారం పొద్దున యజమాని భార్య విజయమ్మ ఎప్పటిలాగే తన రవ్వల నెక్లెస్ తీసి గట్టు మీద పెట్టి ఈతకు దిగింది. పైకి వచ్చేసరికి నెక్లెస్ లేదు. అప్పుడు కొలను దగ్గరున్నది సాయమ్మ, మేనేజర్ కురుమూర్తి.

"గేటు కాడ, లారీ డ్రైవర్లు చూస్తుండంగ, నన్ను సోదా చేసిన్రు. ఏం దొరకలే. అయినా నేనే దొంగనట. సాయంత్రం లోపల ఒప్పుకుంటే ఇడిచిపెడ్తరట, లేకుంటే పోలీసులకు పట్టిస్తరట."

"మరి ఒప్పుకోరాదు? ఇంటికి పోయి హాయిగా పండుకోవచ్చు" అన్నాడు మార్కండేయ.

"రేపు మా వడ్డేపల్లిల ఎవరింట్ల చెంబు పోయినా నా పేరే చెప్తరు. జైలుకన్న పోత గని ఒప్పుకోను."

ఆయన మొహంలో చిన్న నవ్వు కనిపించింది. ఆ నవ్వు చూడగానే సహాయకుడు జయరాజు మోటార్ సైకిల్ తాళాలు అందుకున్నాడు. కేసు తీసుకున్నట్టే.

సాయమ్మతో కలిసి హోటల్ చేరేసరికి దశరథం చిరాగ్గా ఎదురొచ్చాడు. "దీనికి డిటెక్టివ్ ఎందుకండీ? ఆమెనే తీసింది. ఇంకెవరు తీస్తారు?"

"అది తేలాలనే వచ్చాను" అంటూ మార్కండేయ కొలను వైపు నడిచాడు.

గట్టున పాత యంత్రం ఒకటి పడి ఉంది. పంపు నుంచి వచ్చే నీటి వేగానికి దానంతట అదే కొలను అడుగున తిరుగుతూ, వెనక వేలాడే గుడ్డ సంచిలోకి ఆకులూ ఇసుకా పట్టుకునే యంత్రం. హోటల్లో అందరూ దాన్ని తాబేలు అంటారు. పక్కనే బెంగుళూరు నుంచి వచ్చిన కొత్తది, ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.

"దీనికేమైంది?" అని అడిగాడు మార్కండేయ.

ఇస్త్రీ చొక్కాలో ఉన్న కురుమూర్తి వినయంగా ముందుకొచ్చాడు. "ఆదివారమే ఆగిపోయింది సార్. నేనే పైకి గుంజిన. ముసలిదైంది. జర సేపైతే నేనే దీన్ని పాత సామాన్ల దుకాణంల ఏసొస్త."

"సంచి చూసిన్రా?"

"అందరి ముంగట దులిపినం. ఆకులే రాలినయ్. నన్ను గూడ సోదా చేయమని నేనే అడిగిన సార్."

"మంచి పని చేసిన్రు. మీదే ఊరు?"

"గద్వాల. మగ్గాల గల్లీ."

"అరె, మనూరే. నేసేటోళ్లా?"

"పదో తరగతి దాంక నేసిన. ఆ మగ్గం గుంతల ఎవడు కూసుంటడు సార్ ఇంక" అని కురుమూర్తి నవ్వాడు.

మార్కండేయ సంచిని పైకెత్తాడు. పాచి పట్టి కంపు కొడుతోంది. జయరాజు ముక్కు మూసుకున్నాడు. సంచి లోపల, అడుగున, అరచేయంత మాసిక వేసి ఉంది. డిటెక్టివ్ దాని అంచును వేలితో మెల్లగా నిమిరాడు. "ఈ మాసిక ఎవరేసిన్రు?"

"సాయమ్మనే" అన్నాడు కురుమూర్తి.

"అబద్దం" అంది సాయమ్మ. "పోయిన వారం చినిగిందని సంచి ఇంటికి తీస్కపోయింది ఈయన. తెల్లారి కుట్టుకోనొచ్చిండు."

"నాకు సూది పట్టుడే రాదు. మొగోన్ని, నేను కుడ్తనా?"

"జయరాజూ, తాబేలుకు పంపు గొట్టం తగిలించి, నీళ్లలోకి దించి, పంపు వెయ్యి" అన్నాడు మార్కండేయ. "దశరథం గారూ, మీరు అందర్నీ ఇక్కడికి పిలిపించండి. వంటవాళ్లతో సహా."

అందరూ వచ్చేసరికి తాబేలు కొలను అడుగున చక్కగా తిరుగుతోంది.

"చెడిపోని యంత్రాన్ని చెడిపోయిందని ఎందుకు చెప్పారు?" అన్నాడు మార్కండేయ. "బయటికి పంపడానికి. గేటు దగ్గర మనుషుల్ని సోదా చేస్తారు. తుక్కును ఎవరూ సోదా చేయరు."

యంత్రాన్ని పైకి తీయించి, బ్లేడుతో మాసిక కోశాడు. నెక్లెస్ ఆయన అరచేతిలోకి జారింది. విజయమ్మ చేయి మెడ మీదికి వెళ్లింది.

"ఒక మూల కుట్టకుండా వదిలి, అందులోంచి లోపలికి తోసి, మూల మడిచిపెట్టారు. దులిపితే రాలదు. ఈ కంపులో చేయి పెట్టి తడిమేవాళ్లు లేరు."

"చెప్పలే నేను? సాయమ్మనే దాచింది" అన్నాడు కురుమూర్తి.

మార్కండేయ సూదీ దారం తెప్పించాడు. "సాయమ్మా, ఈ గుడ్డపేలిక కుట్టు."

ఆమె సూదికి దారం ఎక్కించింది. మొట్టమొదట దారం చివర ముడి వేసింది.

"ఎవరైనా అంతే చేస్తారు" అన్నాడు మార్కండేయ. " ముడి లేకపోతే కుట్టు నిలవదు. ఈ మాసికలో ఒక్క ముడి కూడా లేదు. మొదట్లో దారం కొసను గుడ్డ పోగుతోనే మెలిపెట్టారు. దారం అయిపోయిన చోట కొత్త దారాన్ని పాతదానికి మెలిపెట్టి అతికారు. అలా అతికేది మగ్గం వాళ్లు. ముడి వేస్తే అది దువ్వెన లాంటి పన్నె పళ్లలో ఇరుక్కుని పోగు తెగుతుంది. నేనూ ఆ గుంతలో పెరిగినవాణ్ణే. ముడి వేస్తే మా నాయన వేళ్ల మీద కొట్టేవాడు." కురుమూర్తి వైపు తిరిగాడు. "మీ నాయన కొట్టలేదా?"

కురుమూర్తి తన వేళ్ల వంక చూసుకున్నాడు. "కొట్టిండు" అన్నాడు.

జయరాజు ఆయన భుజం మీద చేయి వేసి ఆఫీసు గదిలోకి తీసుకుపోయాడు.

దశరథం గొంతు సవరించుకున్నాడు. "సరే, అయిందేదో అయింది. సాయమ్మా, మనసుల పెట్టుకోకు. రేపటి నుంచి పనికి రా."

"వస్త" అంది సాయమ్మ. "వచ్చేముందు మీరొక మాట అనాలె."

"ఏం మాట?"

"మీకు తెల్వదా?"

విజయమ్మ భర్త మోచేతిని తాకింది. ఆయన తల దించుకుని మెల్లగా అన్నాడు, "తప్పు నాదే. నువ్వు దొంగవు కాదు."

సాయమ్మ రెండు చేతులూ నడుము మీద పెట్టుకుంది.

"గట్టిగ అనుండ్రి సారూ. ఎనక నిలబడ్డ వంటోళ్లకు ఇనబడలే."