ఆకు ఆరిన తరువాత

సూర్యుడు పైకెక్కకముందే గులాబీ కోయాలి. ఎండ తగిలితే మొగ్గ విచ్చుకుంటుంది, విచ్చుకున్న మొగ్గను పూల మార్కెట్లో ఎవరూ ముట్టరు. అందుకే ఆ ఇంట తెల్లవారగానే వినిపించేది కత్తెరల చప్పుడు. ముందురోజు సాయంత్రం పురుగుమందు కొట్టి తెరలన్నీ దించి వచ్చిన పెద్దాయన, ఉదయమే ప్లాస్టిక్ కప్పు, పక్కతెరలతో మూసిన పాలీహౌస్ గుమ్మం దగ్గర వంగి, చేతికందిన ఆకును రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసేవాడు. పొడిగా ఉంటే కోడలిని పిలిచేవాడు. ఆకు ఆరితే మందు పోయినట్టే అన్నది, ఆరుబయట తోట వేసిన కాలం నుంచీ ఆయన చెదరని విశ్వాసం.

"ఆరిందమ్మా, రా."

నాలుగేళ్ళుగా ఆ పిలుపునకు పలికిన కోడలు ఆనాడు గడప దాటలేదు.

"నేను లోపలికి రాను మామయ్యా."

అత్తగారు పొయ్యి దగ్గరి నుంచే అందుకుంది. "మూడో నెలకే ఇంత గారమా! నీ మొగుణ్ణి కడుపులో మోస్తూ నేను గంపలెత్తాను. ఇంకొంచెం ఉంటే గంపలోనే కనేదాన్ని."

"మీరు కోసింది ఆరుబయట అత్తయ్యా. ఇది మూతపెట్టిన డబ్బా."

"విన్నావురా, మాటకు మాట!"

వ్యానులో బకెట్లు సర్దుతున్న కొడుకు తల తిప్పకుండానే విసుక్కున్నాడు. "పొద్దున్నే మొదలెట్టారా? గంట పనే కదా, కోసి వచ్చెయ్."

"గంటా? కొయ్యాలి, ఆకు దుయ్యాలి, కట్టలు కట్టాలి. పది దాకా లోపలే ఉంటాను. మార్కెట్లో ఉండే మీకేం తెలుసు? తల దిమ్మెక్కిపోతోంది, కళ్ళు మసకలు కమ్ముతున్నాయి అని కిందటేడూ చెప్పాను. ఎవరు విన్నారు? నాలుగో నెలలో కడుపులో బిడ్డను పోగొట్టుకున్నాను."

పెద్దాయన ముఖం కందగడ్డయింది.

"అంటే నా వంశాంకురాన్ని నేనే తుంచుకున్నానంటావు! ఆకు ఆరాక ఇంక మందెక్కడుందే?"

"ఉతికిన బట్ట ఆరితే నీళ్ళెక్కడికి పోతాయి మామయ్యా? గాల్లోకే కదా! మందూ అంతే. ఎండ ఎక్కేకొద్దీ ఆకు మీంచీ మట్టిలోంచీ లేస్తుంది. తెరలు మూసేస్తే ఇంకెక్కడికి పోతుంది? నా ముక్కులోకే."

"చదువుకున్నదానివి, మాటలకేం కొదవ!" ఆయన భుజం మీది తువ్వాలు విదిలించాడు. "ఇవాళ నేను కోస్తాను. పది దాకా లోపలే ఉంటాను. నాకేం కాకపోతే రేపటి నుంచి నోరెత్తకుండా కత్తెర పట్టాలి."

"వద్దు మామయ్యా!" అంటూ ఆమె వెంటపడేలోగా ఆయన వెనుక తెర పడింది.

నిజానికి ఎండ వేళ ఆ పాలీహౌస్ లోపల ఎలా ఉంటుందో ఆయన ఎన్నడూ ఎరుగడు. సాయంత్రం ముఖానికి మాస్కు కట్టుకుని మందు కొట్టడం, బయటపడడం, అంతవరకే ఆయన పని. నిత్య ప్రార్థన పెదవులపై నడుస్తుండగా కత్తెర ఆడించసాగాడు. మొదటి గంట నిశ్చింతగా గడిచింది. కోడలి పంతం ఎలా అణచాలో కూడా ఆలోచించుకున్నాడు.

తరువాత కప్పు మీదికి ఎండ వచ్చింది. తాను స్వయంగా తడిమి ఆరిందని తీర్పు చెప్పిన ఆకుల నుంచే తియ్యని వెగటు వాసన లేచింది. గాలి కదలదు. కళ్ళ వెంట నీరు, నోటి నిండా లాలాజలం; ఎవరో మోకాలు మోపి అదిమినట్టు గుండె బిగిసింది. బాల్యం నుంచీ నాలుక మీదే ఉన్న ప్రార్థన మూడో పాదం దగ్గర తెగింది. మొదటి నుంచి అందుకున్నాడు. మళ్ళీ అక్కడే తెగింది. కత్తెర జారిపడింది.

ఈ గాలినేనా ఆ పిల్ల రోజూ పీల్చింది! తాను పంపగా, ఒకసారి కాదు, రెండుసార్లు, కడుపుతో!

తెర ఎత్తుకుని బయట కూలబడిన ఆయనను కోడలే కుళాయి దగ్గరకు నడిపించింది. చొక్కా విప్పించి, ముఖం మీద చెంబుతో నీళ్ళు కుమ్మరించింది. కొడుకు పూలబకెట్లు దించి, ఆసుపత్రికని వ్యాను తిప్పుతున్నాడు. అత్తగారు ఎవరూ చెప్పకుండానే తెరలన్నీ ఎత్తుతోంది. కొంగు ముక్కుకు అడ్డుపెట్టుకుని ఏడుస్తోంది.

"అమ్మా, కిందటేడు ఆసుపత్రి మెట్ల మీద నీతో ఏమన్నాను?"

"ఇప్పుడెందుకు మామయ్యా అవన్నీ?"

"దైవసంకల్పం, ఏడవకూడదన్నాను. నా చేతులతో చేసిన పనిని దేవుడి మీదికి నెట్టి, నిన్ను ఏడవనివ్వలేదు కూడా. ఈ బిడ్డకేం కాదు కదమ్మా?"

ఆమె చెంబు మళ్ళీ నింపింది.

"తెలీదు మామయ్యా. ఈ మూడు నెలలూ లోపలే ఉన్నానుగా."

ఆయన దోసిలి పట్టాడు. ఆమె నీళ్ళు వంచింది.