ఖాళీ గడిలో మామయ్యగారు

కుక్కరు మూడో కూత వేసేసరికి కోడలు ఆఫీసు మీటింగులో ఉంది. వంటింటి గట్టు మీద లాప్‌టాప్, దాని పక్కన ఉల్లిపాయ తొక్కలు.

"మీరు రైల్వే స్టేషన్లో ఉన్నారా?" అవతల నుంచి మేనేజరు అడిగాడు.

"ఇవాళ్టితో నీకీ బాధ తీరిపోతుందిలే," అన్నాడు భర్త గుమ్మంలోంచి, మెల్లగా. గది మార్పించడానికే అతను సెలవు పెట్టాడు.

వెనక గది మామగారిది. ఆయన రేడియోలు బాగుచేసే మనిషి. షాపు మూసేశాక బల్లా, సామానూ ఆ గది కిటికీ కిందికి చేరాయి. మాటల్లో ఆయనంత పొదుపరి ఇంకొకరు ఉండరు. ఆ గదిలో వినపడేవన్నీ రేడియోల మాటలే. ఇకమీదట బల్ల మేడమీది రేకుల షెడ్డులోకి, మంచం హాల్లోకి, గది కోడలికి.

ఆమె మైకు కట్టేసి, "మామయ్యగారు ఒప్పుకున్నారా?" అంది.

"అడిగాను. ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం!"

"మరి మిగతా సగం?"

"అది నేను కలిపాను."

ఆమె నవ్వి ఊరుకుంది. తలుపున్న గదిలో కూర్చుని పని చేసుకోవాలని ఎన్నాళ్ళ నుంచో ఆశ.

ఆమె పని ఓ పరుపుల కంపెనీకి కస్టమర్ల అభిప్రాయాలు లెక్కగట్టడం. ఒక్కో పరుపుకి అయిదు మార్కులు. గణాంకాల సాఫ్ట్‌వేర్లో ఒక్కో షాపుకీ పట్టిక తీయాలంటే నొక్కిందే నొక్కాలి. అందుకని ఆ సాఫ్ట్‌వేర్ లోపలే నడిచే పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఓ చిన్న స్క్రిప్టు, అంటే నాలుగు ఆదేశాల వరుస, రాసి, ఒక్క దెబ్బకి అన్ని పట్టికలూ తీసి పంపేసింది. ఎలా వచ్చాయో చూసుకోలేదు.

"అయిదు మార్కులకి సగటు ఎంత వచ్చిందో చూశారా?" అన్నాడు మేనేజరు. "అనంతం! జనం మన పరుపుల మీద పడుకుని మోక్షం పొందారా?"

అందరూ ఘొల్లుమన్నారు. మధ్యాహ్నంలోపు సరిచేస్తానని చెప్పి ఆమె బయటపడింది.

అసలు సాఫ్ట్‌వేర్ ఇచ్చే సగటు బుద్ధిగా నాలుగు దగ్గరే ఉంది. స్క్రిప్టు ఇచ్చేదే అనంతం. ఆమె ఒక్కో గడీ తీసి చూడసాగింది. వెనక గదిలో భర్త బల్ల ఈడుస్తున్న చప్పుడు. మామగారు ఓ పాత రేడియోని పసిపిల్లలా ఎత్తుకుని హాల్లోకి వచ్చారు. టీవీ పక్కన చూశారు, చెప్పుల స్టాండు మీద చూశారు. ఎక్కడా చోటు కుదరక, కుర్చీలో కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నారు.

"దొరికింది!" అందామె, మంచినీళ్ళకి వచ్చిన భర్తతో. "జవాబు రాయని వాళ్ళ గడిలో సాఫ్ట్‌వేర్ చుక్క పెట్టుకుంటుంది. చుక్కంటే ఖాళీ అని దానికి తెలుసు, లెక్కలోకి తీసుకోదు. లోపలున్న పైథాన్ అద్దెకొచ్చిన మనిషిలాంటిది. ఇంటివాళ్ళ గుర్తులు దానికేం తెలుస్తాయి? ఆ చుక్క దానికి మూడొందల అంకెల సంఖ్యలా కనపడింది. అలాంటివి రెండు కలిపేసరికి లెక్కకందక అనంతం అనేసింది. ఖాళీ అయితే వదిలెయ్యమని నేను రాయలేదు."

"అంటే, నోరు మెదపని వాళ్ళే అందరికంటే గట్టిగా మెచ్చుకున్నట్టు లెక్కేశావన్నమాట!" భర్త పగలబడి నవ్వాడు.

ఆమె చూపు హాల్లోకి పోయింది. రేడియో ఇంకా ఆయన ఒళ్ళోనే ఉంది.

"మరి మీరు చేసిందేమిటి?"

"నేనేం చేశాను?"

"మిగతా సగం కలిపారు."

"నీకోసమే కదా!"

"నాకోసమే. అందుకే నేనూ అడగలేదు. వద్దంటారేమోనని భయం."

స్క్రిప్టులో ఒక్క వరుస చేర్చి, పట్టికలు మళ్ళీ తీసి, ఈసారి చూసుకుని పంపింది. తర్వాత వెళ్ళి మామగారి ఎదుట కూర్చుంది.

"మామయ్యగారూ, గది ఇవ్వడం మీకు ఇష్టమేనా? లేకపోతే లేదని చెప్పండి."

ఆయన రేడియో మీది దుమ్ము తుడిచారు. ఒక మీట తిప్పారు.

"చూశావా, మౌనం..." అని భర్త మొదలుపెట్టాడు.

"మీరు కాసేపు ఊరుకుంటారా?"

ఆమె అలాగే కూర్చుంది.

"ఇష్టం లేదమ్మాయ్," అన్నారాయన చివరికి.

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా నాన్నా!"

"మాట కూడగట్టుకునేలోపు నువ్వు థాంక్స్ చెప్పి వెళ్ళిపోయావురా."

నవ్వబోతే ఆమెకి కళ్ళు చెమర్చాయి. "బల్ల వెనక్కి పెట్టించేస్తాను మామయ్యగారూ. నాకు వంటిల్లు అలవాటే."

"వంటిల్లెందుకు? తలుపు పక్కన నీ బల్ల పడుతుంది. మీటింగప్పుడు రేడియోలు కట్టేస్తాను. నా సంగతంటావా, నేనెప్పుడూ కట్టేసే ఉంటాను."

ఆయన అంతసేపు మాట్లాడటం కొడుకు కూడా ఎరగడు. వెంటనే బల్ల వెనక్కి మోశాడు.

మర్నాడు తలుపు వేసుకుని కోడలు మీటింగులో కూర్చుంది. కూతల్లేవు. వెనకాల మామగారు కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఏవో తీగలు అతుకుతున్నారు.

"కొత్త పట్టికలు బాగున్నాయి," అన్నాడు మేనేజరు. "ఇకనుంచి ఆదివారం కూడా ఓ గంట కలుద్దాం. ఎవరూ ఏమీ అనట్లేదు కాబట్టి, అందరికీ సమ్మతమే అనుకుంటాను."

"ఒక్కొక్కళ్ళనీ అడగమనమ్మాయ్," అన్నారు మామగారు తలెత్తకుండానే.

మైకు కట్టేయడం ఆమె మరిచిపోయింది.