వానొస్తే ఆగలేని కెప్టెన్

రాయదుర్గం, 2003 జూన్.

అరవై కుట్టుమిషన్లు ఒక్కసారిగా రొద పెడితే పక్కనోని మాట పక్కనోనికి వినబడదు. అందుకే రహస్యాలు మాట్లాడుకోను ఆ జీన్స్ యూనిట్‌ను మించిన చోటు ఢిల్లీలో కూడా లేదని గూఢచారి శాఖ తేల్చేసింది. ఊరికి గురప్ప జీన్స్ ప్యాంట్ల వ్యాపారి. శాఖకు చీఫ్.

"ఈ ఏడన్నా వాన పడతాదా?" అన్నాడు లోపలికొచ్చిన ఏజెంట్ సురేంద్ర, గురప్ప ట్రైనింగ్‌లో తయారైనోడు.

"పడితే చెప్పి పంపుతాలే."

కోడ్ సరిపోయింది.

"కూర్చో సూరీ. తిన్నావా?"

"తిన్నా నాయనా. పనేందో చెప్పు."

"బ్రూనో అని ఆయుధాల దళారి. మన ల్యాబ్‌లో మాయమైన మిసైల్ గైడెన్స్ బాక్స్ వాని యాట్‌లో, అదే షికారు ఓడలో ఉండాది. లక్షదీవుల కాడ చేతులు మారుతాది. వానికి కెప్టెన్ కావాల. నీకు ఓడలు నడిపిన కాగితాలుండాయి. నువ్వే కెప్టెన్."

"ఆడ మనోళ్లు ఎవరుండారు?"

"పద్మప్రియ. మనది కణేకల్ పిల్లే. ఆ ఓడలో మాత్రం పేరు మిస్ పియా, బ్రూనోకు నమ్మినబంటు."

గురప్ప తెల్ల ప్యాంటొకటి చేతికిచ్చినాడు. నడుం దగ్గర ఇత్తడి బటన్. "నేనే కుట్టినా. నొక్కితే కోస్ట్ గార్డ్‌కు సిగ్నల్ పోతాది."

యాట్ యాభై మీటర్లు. కెప్టెన్ సురేంద్ర భుజాన నాలుగు బంగారు చారలు. అయితే ఏం లాభం? బ్రూనో కుక్కకు ఎండ తగుల్తుందంటే ఓడ ముక్కు తిప్పాల. అది ఆవులించి పక్క మారితే మళ్లీ తిప్పాల. పొద్దున్నే నౌకర్లు సముద్రం నీళ్లను మిషన్లో ఉప్పు తీసి తీపి చేసి, ఆ తీపి నీళ్లతో చెక్క డెక్కు కడుగుతాంటే, ట్యాంకర్ కోసం బిందెలు వరుస పెట్టే ఊరి నుంచి వచ్చిన సురేంద్ర కడుపు రగిలిపోయేది. మొగం మాత్రం నవ్వుతాండాల. కెప్టెన్ కదా!

ఆ సాయంత్రం దీవుల మధ్య మెల్లగా పోతాండగా మబ్బు కమ్మింది. సురేంద్ర ఎక్కినాక అదే తొలి వాన. చినుకు పడిందో లేదో కాళ్లు మాట వినలేదు. చక్రాన్ని ఆటోపైలట్‌కు అప్పజెప్పి ఓడ ముక్కు కాడికి పరిగెత్తినాడు. మొగం పైకెత్తినాడు. ఆహా!

అప్పుడు కనబడింది. రెయిలింగ్ పక్కన మడతపెట్టిన టవల్, తడవకుండా ప్లాస్టిక్ కవర్లో.

తను వానకు ఆగలేడని ఈ ఓడలో ఎవరికి తెలుసు? ట్రైనింగ్‌లో ఓసారి తుపాకి పారేసి వానలోకి ఉరికినప్పుడు చూసినోడు ఒక్కడే. "ఫైల్లో రాయనులే సూరీ, నీకూ నాకూ తెలిస్తే చాలు" అని నవ్వినోడు ఒక్కడే.

అనుమానమొచ్చి నడుం కాడి బటన్ నొక్కినాడు. ఊడి చేతికొచ్చింది. వెనక తీగ లేదు, ఏం లేదు. ఒట్టి ప్యాంటు బటన్.

వానపొగలో స్పీడ్‌బోట్ ఒకటి ఓడ వెనక్కి చేరుకుంటాంది. సురేంద్ర చక్రముండే వీల్‌హౌస్‌లోకి దూకినాడు. అక్కడ పద్మప్రియ. చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్తోలు.

"ఇంకొంచెం సేపు తడవాల్సింది కెప్టెన్. గురప్పన్న మరీమరీ చెప్పాడు, వాన వెలిసేదాకా నువ్వు రావని. అందుకే నిన్నే పంపాడు."

"కాల్చు. చుట్టూ నీళ్ల కింద దిబ్బలు. చక్రం నువ్వు పడతావా?"

ఆమె అర సెకను ఆలోచించింది. అంతే చాలు. సురేంద్ర ఇంజన్ ఫుల్ స్పీడ్‌కు తోసి, చార్టులో ఇసుక దిబ్బ ఉన్న ఎడమకు చక్రం తిప్పేసినాడు. బ్రూనో మనిషి చేతిలోంచి స్పీడ్‌బోట్ మనిషి చేతికి గైడెన్స్ పెట్టె పోయే సందులో యాట్ ఇసుకలో దిగబడి పక్కకు ఒరిగింది. పెట్టె డెక్కు మీద పడింది, మనుషులు నీళ్లలో పడినారు. పిస్తోలు బల్ల కిందికి పోయింది. సురేంద్ర రేడియో మీది ఎర్రమూత ఎత్తి కాపాడమని చెప్పే డిస్ట్రెస్ బటన్ నొక్కి పట్టినాడు.

"థూ! నువ్వు కెప్టెనువా, ట్రాక్టర్ డ్రైవరువా?" మిస్ పియా నోట్లోంచి కణేకల్ యాస బయటికొచ్చింది.

కోస్ట్ గార్డ్ హెలికాప్టర్ వచ్చేసరికి బ్రూనో కుక్కను చంకనేసుకొని, పెట్టె తనది కాదంటాన్నాడు.

వారం తర్వాత రాయదుర్గం. వాకిట్లో జీపు. కుట్టుమిషన్లు ఆగిపోయినాయి. పోలీసులు బేడీలేస్తాంటే గురప్ప నవ్వుతాన్నాడు.

"తిన్నావా సూరీ?" అన్నాడు గురప్ప, ఏమీ జరగనట్టు.

"ఎందుకు చేసినావు?"

"నలభై ఏండ్లు దేశానికి కుట్టిచ్చినా. ఒక్కసారి నాకోసం కుట్టుకుంటి." గొంతు తగ్గింది. "నీ మీద చెయ్యి పడకూడదని మాట తీసుకున్నా. టవల్ పెట్టమన్నది నేనే. తడిస్తే నీకు జలుబు చేస్తాది కదప్పా."

సురేంద్ర ఊడిన ఇత్తడి బటన్ తీసి బల్ల మీద పెట్టినాడు.

"జీపెక్కండి, గురప్పగారూ."

బేడీలేసినప్పుడు కూడా నవ్విన మనిషి, 'నాయనా' పోయి 'గారూ' వచ్చేసరికి తల దించేసినాడు. శాఖలో పిస్తోలుకు లైసెన్సుంది, తూటాకు లెక్కుంది. మర్యాదకు మాత్రం ఏదీ అక్కర్లేదు.