అమ్మోరి గంపలో పడిన చిప్

"ఈ పనికి నీకు మేకప్ అక్కర్లేదు భరణీ. ఆ దేవుడే వేసి పంపాడు," అన్నాడు చీఫ్ రామప్ప.

భరణి చెయ్యి తనకు తెలియకుండానే నుదుటి మీదికి పోయింది. ముప్పై నాలుగేళ్లకే ఆ నుదురు నడినెత్తి దాకా పాకింది. డిపార్ట్‌మెంట్‌లో అతని గురి గురించి ఎవరూ మాట్లాడరు గానీ, నెత్తి గురించి మాత్రం అందరూ మాట్లాడతారు. ఆ మంట అతనికి లోపల ఉండనే ఉంది.

హోసూరు శివార్లలో ఒక గులాబీ తోట. పూలు ఎగుమతి చేసే కోల్డ్ స్టోరేజ్ అని బోర్డు. దాని వెనక గదిలో, వణికించే చలిలో, గూఢచారి బ్యూరో ఆఫీసు.

"విషయం చెప్పండి సార్."

"ఈ ఊళ్లో ఒక ప్లాంట్ ఉంది. బయట ట్రాక్టర్ పార్టులని బోర్డు. లోపల చేసేది మిసైల్‌కి కన్ను. సీకర్ అంటారు. నాలుగు నెలలుగా దాని డిజైన్ బయటికి కారుతోంది."

"ఫోన్లా?"

"ఫోన్లు గేటు బయటే. పెన్‌డ్రైవ్‌లు నిషేధం. బూట్లు విప్పించి స్కాన్ చేస్తారు. టిఫిన్ బాక్సులో పప్పు కూడా కలబెట్టి చూస్తారు. అయినా కారుతోంది. తెలిసింది ఒక్కటే. కారడం మొదలైన నెలలోనే బాగలూరు రోడ్డులో మగవాళ్ల హెయిర్ క్లినిక్ ఒకటి తెరిచారు. ట్రైనర్ పేరుతో లూకాస్ అనే విదేశీయుడు దిగాడు. ఈ రాత్రి ఫ్లైట్‌కి వెళ్లిపోతున్నాడు. మన టీమ్‌ని బెంగళూరు దారిలో కాపు పెట్టాను. క్లినిక్‌లోకి నువ్వొక్కడివే వెళ్లాలి."

"లోపల మనవాళ్లున్నారా?"

"డాక్టర్ భూమిక. మనకూ రిపోర్ట్ ఇస్తుంది, లూకాస్‌కూ ఇస్తుంది. చివరికి ఎవరి వైపు నిలబడుతుందో ఆమెకే తెలియాలి. 'హెల్మెట్ పెట్టుకుంటే జుట్టు రాలుతుందా?' అని అడుగు. 'రాలదు, కానీ హెల్మెట్‌ని ఎండలో ఆరబెట్టండి' అంటే లైన్ క్లియర్."

భరణి బుర్ర గోక్కోబోయి మానేశాడు. ఉన్నవి కూడా రాలతాయని భయం.

* * *

క్లినిక్ గోడల నిండా ఒత్తు జుట్టు మగవాళ్ల ఫోటోలే. భూమిక లోపలికి వచ్చేసరికి భరణికి ఆ ఫోటోలు గుర్తులేకుండా పోయాయి. మెరూన్ రంగు చీర, దాని మీద తెల్ల కోటు, మాట మాటకీ ఇంగ్లీషు. ఆమె వెనక అద్దాల గదిలో లూకాస్ కూర్చుని ఉన్నాడు. చెవిలో ఇయర్‌పీస్. ఈ గదిలో చీమ తుమ్మినా అతనికి వినపడుతుందన్నమాట.

"చెప్పండి, ఏం డౌట్స్ ఉన్నాయి?"

"హెల్మెట్ పెట్టుకుంటే జుట్టు రాలుతుందా డాక్టర్?"

"రాలదు. కానీ హెల్మెట్‌ని ఎండలో ఆరబెట్టండి." ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. "ఇటు తిరగండి. హెయిర్‌లైన్ గీయాలి. కదలొద్దు."

అద్దాల గదికి భరణి వీపు పెట్టి కూర్చున్నాడు. మార్కర్ నుదుటి మీద చల్లగా కదిలింది.

"మందు రాస్తే మళ్లీ మొలుస్తాయా?"

"ఉన్నవి నిలబడతాయి. కొన్ని తిరిగి వస్తాయి. నెలల తరబడి ఓపిక పట్టాలి. మొదటి వారాల్లో ఇంకా ఎక్కువ రాలతాయి, అది చూసి హడలిపోయి మానేయొద్దు."

"వచ్చాక మానేయొచ్చా?"

"మానేస్తే వచ్చినవీ పోతాయి."

"మాత్రలు వేసుకుంటే..." భరణి గొంతు తగ్గించాడు. ఈ ప్రశ్న చీఫ్ రాసిచ్చింది కాదు. "మగతనం తగ్గుతుందంటారు?"

"కొద్దిమందిలో కోరిక తగ్గొచ్చు. మామూలుగా మానేస్తే సర్దుకుంటుంది. తేడా అనిపించినా, మనసు దిగులుగా ఉన్నా దాచుకోకుండా డాక్టర్‌కి చెప్పాలి. సిగ్గుపడి మింగేస్తారు చూడండి, అక్కడే వస్తుంది తంటా."

"గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందని మా మేనమామ..."

"రాదు. వేరు చర్మం లోపలుంటుంది, కత్తి పైపైన తిరుగుతుంది. మీ ఫోన్ ఇవ్వండి, బిఫోర్ ఫోటో తీస్తాను."

క్లిక్. ఫోన్ అతని చేతిలో పెట్టింది. ఫోటోలో చూస్తే నుదుటి మీద హెయిర్‌లైన్ లేదు. మూడు ముక్కలున్నాయి.

'గోపీనాథ్. ప్యాచ్ కింద చిప్. ఈరోజే ఆఖరు.'

"అబ్బే, గీత వంకర వచ్చింది," అంటూ ఆమె స్పిరిట్ దూదితో నుదురు తుడిచేసింది.

భరణికి విషయం అర్థమైంది. ప్యాచ్ అంటే సన్నని వల మీద వెంట్రుకలు కుట్టి, జిగురుతో నెత్తికి అతికించేది. నెలకోసారి క్లినిక్‌కి వచ్చి ఊడదీయించి, నెత్తి కడిగించుకుని, మళ్లీ అతికించుకోవాలి. సర్వీసింగ్ అంటారు. అంటే గోపీనాథ్ అక్కడి ఇంజనీరే అయ్యుండాలి. వాడు నెల పొడుగునా ప్లాంట్‌లో తిరుగుతుంటే, నెత్తి మీది చిప్ పక్కనున్న కంప్యూటర్ల సిగ్నల్స్ పట్టుకుంటుంది. నెలాఖరున లూకాస్ ఆ పంట కోసుకుంటాడు. బూట్లు విప్పించే సెక్యూరిటీ ఏ మగవాడి జుట్టూ పట్టుకుని లాగదు. అంత మర్యాద మనవాళ్లకి ఉంది మరి.

అద్దాల తలుపు తెరుచుకుంది. లూకాస్ మొహం ఎర్రగా ఉంది.

"గోపీనాథ్ రాలేదు. ఫోన్ స్విచాఫ్. ఇంటికి చెయ్యండి."

రిసెప్షన్‌లో తమిళ్‌సెల్వి స్పీకర్ ఆన్ చేసింది. అంచెట్టి కొండల్లోంచి ఒక పెద్దావిడ గొంతు. గోపీనాథ్ తల్లి లక్ష్మక్క.

"ఎవరమ్మా? గోపీనా? వాడు గుడికి పోయినాడు. కృష్ణగిరి అవతల మా ఇంటి అమ్మోరు ఉండాది గదా, ఆడికి. ఆవు ఈనేట్లుంది, నేను పోలేకపోతిని."

"ఏం విశేషమమ్మా?"

"రేపే నిశ్చితార్థం! వాని నెత్తిన వెంట్రుక లేక యాడ పోయినా సంబంధం కుదరకపోయె. అప్పుడు అమ్మోరికి మొక్కినాను. తల్లీ, నా బిడ్డకి జుట్టిచ్చి పెండ్లి కుదిర్చు, ఆ జుట్టు నీకే ఇస్తానని. నాలుగు నెలల్లో ఎంత ఒత్తుగా మొలిచిందనుకున్నావు! అంతా అమ్మోరి చలవ."

"ఏమంటోంది?" అన్నాడు లూకాస్.

"తలనీలాలు ఇవ్వడానికి వెళ్లాడట సార్. గుండు," అంది తమిళ్‌సెల్వి అమాయకంగా.

లూకాస్ కుర్చీని తన్నేసి పరిగెత్తాడు. "మునిరాజ్! కార్ తియ్!" రెండో అడుగులోనే ఆగి భూమిక చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వూ రా. స్కానర్ తీసుకో."

ఆమె వెళ్లింది. వెళ్తూ భరణి వైపు కనీసం చూడలేదు.

* * *

సూలగిరి దాటేసరికి భరణి బుల్లెట్ స్పీడోమీటర్ ముల్లు వణుకుతోంది. హెల్మెట్ లోపల బ్లూటూత్‌లో చీఫ్ గొంతు.

"టీమ్‌ని వెనక్కి తిప్పాను. కానీ నీ వెనక చాలా దూరంలో ఉన్నారు. విను. ఆ స్కానర్‌కి చిప్ తగిలిస్తే అందులోని డేటా నేరుగా శాటిలైట్‌కి వెళ్తుంది. మొత్తం వెళ్తేనే ఫైల్ తెరుచుకుంటుంది."

"గోపీనాథ్ సంగతేంటి సార్? చిప్ సంగతి తెలిసినవాడు గుండు కొట్టించుకోడానికి వెళ్తాడా? వాడికేం తెలీదు."

"నాకు తెలుసు. కోర్టుకి తెలీదు. చిప్ వాడి జుట్టులో దొరికితే ఫస్ట్ ముద్దాయి వాడే. దేశద్రోహం. బతుకంతా జైలు. అదే చిప్ లూకాస్ చేతిలో, నలుగురి ఎదుట దొరికితే, వాడు సాక్షి. తేడా అంతే."

భరణి యాక్సిలరేటర్ ఇంకాస్త తిప్పి, టోల్‌గేటు క్యూలో ఇరుక్కున్న లూకాస్ కారుని దాటేశాడు. నలుగురిలో నెత్తి తడుముకోవడం ఎలా ఉంటుందో అతనికి తెలుసు. ఆ సిగ్గుకి జైలు శిక్ష వెయ్యడం అతనికి మింగుడుపడలేదు.

గుడి దగ్గర ఆదివారం జనం. రేకుల షెడ్డు కింద క్షురకులు వరసగా కూర్చున్నారు. తడి తలలు, గంధం వాసన, పిల్లల ఏడుపులు. గోపీనాథ్ షెడ్డు వెనక ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. జుట్టు లేకపోయినా, చీఫ్ పంపిన ఫోటోలోని మొహమే. నున్నటి గుండు మీద గంధం ఇంకా ఆరలేదు.

"గోపీనాథ్! ప్యాచ్ ఏదీ?"

అతని మొహం పాలిపోయింది. ఎవరికీ తెలియదనుకున్న మాట ముక్కూమొహం తెలియని మనిషి నోట వచ్చింది మరి.

"ఎవరు సార్ మీరు? మెల్లగా మాట్లాడండి!"

"నిన్ను జైలుకి పోకుండా ఆపగలిగిన వాణ్ణి. ఏదీ?"

"అమ్మోరికి ఇచ్చేసినాను సార్." గోపీనాథ్ తల వంచుకున్నాడు. "మాయమ్మ మొక్కింది ఆ జుట్టునే గదా. దాన్ని దాచిపెట్టి, పక్కనుండే నాలుగు వెంట్రుకలు ఇచ్చి అమ్మోరిని మోసం చేసేకి మనసు రాలేదు. తడిపి ఊడబెరికి గంపలో వేసేసినాను. ఆ కొసనుండే గంప."

భరణి ఒక్క దూకులో గంప దగ్గరికి చేరాడు. నల్లటి కుప్ప అడుగున వల అంచు కనిపిస్తోంది. చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి అక్కడే ఆగింది.

తీస్తే మిసైల్ కన్ను భద్రం. గోపీనాథ్ ఖైదీ. తియ్యకపోతే?

వెనక కారు తలుపులు కొట్టుకున్న చప్పుడు. భరణి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సర్వీసులో అంత కష్టమైన పని అతను ఇంతకుముందు చేసి ఎరగడు.

పక్కటెముకల్లో ఏదో గట్టిగా గుచ్చుకుంది. తువాలు కింద పిస్టల్. డ్రైవర్ మునిరాజ్.

"కదలొద్దన్నా," అన్నాడు చెవి దగ్గర. కానీ వాడి చూపు మాత్రం గుడి వైపే ఉంది.

లూకాస్ స్కానర్ ముందుకు చాపి నడుస్తున్నాడు. చూడ్డానికి అది నెత్తిని పెద్దది చేసి చూపించే కెమెరా. కొసనున్న గంప దగ్గర పచ్చ లైటు వెలిగింది.

"మునిరాజ్, తియ్ దాన్ని."

మునిరాజ్ కదల్లేదు. "నేను ముట్టను సార్."

"ఏంటి?"

"అది అమ్మోరికి ఇచ్చింది సార్. ఇచ్చింది వెనక్కి తీసుకోకూడదు. ఇంకేమన్నా చెప్పండి చేస్తాను. ఇది మాత్రం నా చేత కాదు."

లూకాస్ ఇంగ్లీషులో ఏదో బూతు మాట అని గంపలోకి తనే చెయ్యి దూర్చాడు. ప్యాచ్ పైకి లాగాడు. వల చించి, గింజంత చిప్‌ని గోటితో పెకిలించి స్కానర్‌లో గుచ్చాడు. తెర మీద అంకెలు పరిగెత్తసాగాయి. ఇరవై. నలభై.

భరణి భూమిక వైపు చూశాడు. ఆమె కారుకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నల్ల కళ్లద్దాల వెనక ఏముందో ఎవరు చెప్పగలరు? అరవై. డెబ్బై. అయిపోయిందనుకున్నాడు. మంచితనానికి పోయి దేశాన్ని అమ్మేశానురా అని తనను తానే తిట్టుకున్నాడు.

అప్పుడు భూమిక కళ్లద్దాలు తీసేసింది. మాటమాటకీ ఇంగ్లీషు పలికే ఆ గొంతు, మత్తూరు సంతలో పుట్టి పెరిగిన గొంతై, షెడ్డు రేకులు అదిరేలా లేచింది.

"రాండప్పా! రాండమ్మా! అమ్మోరికిచ్చిన నీలాలు ఎత్తుకుపోతాండాడు! గంపలో చెయ్యి పెట్టినాడు చూడండి!"

తలలన్నీ ఇటు తిరిగాయి. గంప మీదికి వంగి, చేతిలో వెంట్రుకలతో, లూకాస్ అలాగే నిలబడిపోయాడు.

"యాడ పోతావురా!" మొదట అందుకున్నది మారియమ్మ అనే ముసలావిడ, అప్పుడే గుండు చేయించుకుని కొంగుతో తల తుడుచుకుంటోంది. ఆమె కాలర్ పట్టుకుంది. తర్వాత ఎన్ని చేతులు పడ్డాయో లూకాస్‌కే తెలియాలి.

పక్కటెముకల్లోంచి పిస్టల్ జారిపోయింది. మునిరాజ్ దాన్ని నేల మీద వదిలేసి, గుడి వైపు తిరిగి చెంపలేసుకుంటున్నాడు. భరణి జనంలోకి దూకాడు. చేతుల మధ్య స్కానర్ తెర మెరిసింది. తొంభై ఎనిమిది. లూకాస్ మణికట్టు దొరికింది. తొంభై తొమ్మిది. చిప్‌తో, స్కానర్‌తో, లూకాస్ చేతితో సహా తలలు తడిపే బకెట్‌లోకి మోచేతి దాకా ముంచేశాడు.

తెర ఆరిపోయింది.

* * *

టీమ్ వచ్చేసరికి లూకాస్ షెడ్డు స్తంభానికి కట్టేసి ఉన్నాడు. అతని పిడికిలి విప్పి, స్కానర్‌లోంచి చిప్ తీసింది జనం మధ్యలోనే. చూడనివాళ్లంటూ లేరు. మేం చెప్తాం సాక్ష్యం అని ముందుకొచ్చినవాళ్ల పేర్లు రాసుకోలేక టీమ్‌తో వచ్చిన ఎస్సై చెయ్యి నొప్పి పుట్టింది. చిరిగిన ప్యాచ్‌ని మాత్రం మారియమ్మ తీసి, కళ్లకద్దుకుని, తిరిగి గంపలోనే వేసింది. సాక్ష్యం కింద దాన్ని కూడా అడిగే ధైర్యం ఎవరికీ చాలలేదు.

"నేను ముద్దాయినా సార్?" అన్నాడు గోపీనాథ్.

"సాక్షివి. చీఫ్ సంతకం కూడా చేసేశాడు."

గోపీనాథ్ కూలబడి భోరుమన్నాడు. భరణికి కూడా కళ్లు చెమర్చాయి. గోపీనాథ్ అరచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"రేపు నిశ్చితార్థం సార్. గుండైతే ఎవురూ ఏమీ అనరు. మూడు నెలలు పోయినాక? పెండ్లికూతురు రేణుకి ఏమని చెప్పేది?"

"ఇప్పుడే చెప్పు. ఇంకొకళ్లు చెప్పకముందే."

గోపీనాథ్ ఫోన్ ఆన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. చెవుల దాకా గంధమే మరి.

"రేణూ... నీకొక నిజం చెప్పల్ల. నాది సొంత జుట్టు కాదు. అతికించుకున్నాను. ఇప్పుడది కూడా లేదు. నీకు ఇష్టం లేకుంటే..."

"తెలుసు," అంది అవతలి గొంతు.

"ఏం తెలుసు?"

"పెండ్లిచూపుల రోజు మిమ్మల్ని ఫ్యాన్ కింద కూర్చోబెట్టినాము గదా. క్యాలెండర్ ఎగిరె, మా నాయన పంచె ఎగిరె, మీ నెత్తిన ఒక్క వెంట్రుక కదల్లేదు. అడిగితే నొచ్చుకుంటారని అడగలేదు. మీరు మాయమ్మకి మంచినీళ్లు తెచ్చిచ్చినారు, నాకు అది చాలు. గంధం తుడుచుకోకుండా రాండి, ఎండ ఎక్కువగా ఉండాది."

భరణి పక్కకి వచ్చి చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"సార్, ప్లాంట్ గేటు దగ్గర సెక్యూరిటీ పోస్ట్ ఏదైనా ఖాళీగా ఉంటే చెప్పండి. ఒక్క ఫ్యాన్‌తో ప్యాచ్ పట్టేసే మంచి క్యాండిడేట్ దొరికింది."