ఆయన ‘అమ్మా’ అన్నది ఎవరిని

ఒక్క మాట... ఒకే ఒక్క మాటతో కోడలి బతుకును పోలీసుల చేతిలో పెట్టేసి ఆవిడ స్టేషను మెట్లు దిగి ఇంటికి వచ్చింది. దారిలో ఎవరో పలకరించారు. ఏం బదులు చెప్పిందో ఆవిడకే తెలియదు. కట్టుకున్నవాడు పోయి మూడు రోజులు. కళ్ళలో నీళ్ళు ఇంకిపోయాయనుకుంది గానీ, గుమ్మం పక్కన కోడలి చెప్పులు కనబడేసరికి మళ్ళీ ఉబికి వచ్చాయి. పాపం, పొద్దున ఆ పిల్ల వట్టికాళ్ళతోనే జీపెక్కింది!

వాళ్ళది ఫోటోలకు ఫ్రేములు కట్టే షాపు. ముందు గదిలో షాపు, వెనక రెండు గదుల్లో సంసారం. ఆయన అద్దం కోసేవాడు. కొడుకు చెక్క కోసి మూలలు కలిపేవాడు. కోడలు అద్దాన్ని తళతళలాడేలా తుడిచేది. ఆవిడ ఫ్రేము వెనక ఖాకీ కాగితం అంటించేది. ఆ చుట్టుపక్కల వీధుల్లో ఎవరికి పెళ్ళయినా, ఎవరు పోయినా, ఫోటో ఆ నలుగురి చేతుల మీదుగానే గోడకెక్కాలి. అలాంటి షాపులో, అద్దం కోసే బల్ల పక్కనే, మేకులు కొట్టే చిన్న సుత్తి దెబ్బకు ఆయన ప్రాణం పోయింది. పట్టపగలు పదకొండు గంటలకు! ఆ వేళ ఆవిడ మోకాళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని తన నంబరు ఎప్పుడొస్తుందా అని విసుక్కుంటోంది.

ఇన్‌స్పెక్టరు ఓపికస్తుడు. గొంతు పెంచడు, ఎవరినీ కసరడు. పోయిన నెల పనిలోంచి తీసేసిన పనివాణ్ణి అడిగాడు. వాడు ఆ రోజు వేరే ఊళ్ళో ఉన్నాడు. ఫ్రేము వంకరగా ఉందని పోట్లాడి వెళ్ళిన డ్రాయింగు మాస్టారిని అడిగాడు. ఆయన ఆ గంటలో ముప్పై మంది పిల్లల ముందు నిలబడి ఉన్నాడు. కొడుకేమో అద్దం తేవడానికి గోడౌనుకు వెళ్ళానన్నాడు. గోడౌను గుమాస్తా, వచ్చిన మాట నిజమే, టైము మాత్రం చూడలేదన్నాడు. ఇక మిగిలింది కోడలు. మేడ మీద బట్టలారేసి దిగేసరికి మామగారు నేల మీద ఉన్నారట. కాళ్ళూ చేతులూ ఆడక సుత్తి తీసి పక్కన పెట్టి, ఆయన తల ఒళ్ళోకి తీసుకుందట. సుత్తి మీద ఆమె వేలిముద్రలు, బట్టల నిండా నెత్తురు. దానికి తోడు ముందురోజు మామా కోడళ్ళు గట్టిగట్టిగా మాట్లాడుకోవడం పక్కవాటా ఆవిడ విన్నది. గోడలకు చెవులుంటాయంటారు. ఆ గోడకు నోరు కూడా ఉంది!

ఆ పక్కవాటా ఆవిడ అక్కడ అద్దెకు దిగి రెండు నెలలే అయింది. పదకొండింటికి గోడ అవతల నుంచి పెద్దాయన గొంతు వినపడిందట. “వద్దమ్మా... నా మాట వినమ్మా...” అన్నాడట. ఆ వెంటనే ఏదో పడ్డ చప్పుడు. మన భాషలో కూరలు అమ్మే ఆమెనూ అమ్మా అంటాం, కాలికి రాయి తగిలినా అమ్మా అంటాం. కానీ వినమ్మా అని బతిమాలాడంటే ఎదురుగా ఆడమనిషి ఉన్నట్టేగా? ఇన్‌స్పెక్టరుకూ అలాగే తోచింది. అందుకే పెద్దావిడను కూర్చోబెట్టి, మీ ఆయన కోడల్ని ఏమని పిలిచేవారని మెల్లగా అడిగాడు.

పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ ఆయన కోడల్ని ‘కోడలుపిల్లా’ అనే పిలిచాడు. ఎదురుపడితే తప్పుకుని, గోడకేసి చూస్తూ, కోడలుపిల్లా మంచినీళ్ళు అనేవాడు. అంత బిడియం ఆయనకి. ఆ ఇంట్లో ఆయన అమ్మా అని పిలిచింది ఒక్కరినే. కొడుకుని!

ఆయన తల్లి పోయిన ఏడాదే వాడు పుట్టాడు. మా అమ్మే మళ్ళీ వచ్చిందని మురిసిపోయి, రా అమ్మా, తిను అమ్మా అని మొదలుపెట్టాడు ఆ పిచ్చి మనిషి. వాడు బడికి వెళ్ళే వయసులో ఎవరో విని, అమ్మగారొచ్చారు లేవండ్రా అని తరగతంతా ఏడిపించారు. వాడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పటినుంచీ నలుగురిలో పేరు పెట్టి పిలవడమే. వాడు జ్వరంతో మూలుగుతున్నప్పుడో, కోపంతో ఊగిపోతున్నప్పుడో, ఇంట్లో ఎవరూ లేకుండా చూసి, అమ్మా అని బుజ్జగించేవాడు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే... ఆవిడా, కోడలూ.

వాడి కోపం ఆవిడ ఎరగనిదా? కోడలి జబ్బ మీద కమిలిన మచ్చలు ఎరగనిదా? తలుపు తగిలిందత్తయ్యా అని ఆ పిల్ల చెబితే నమ్మినట్టు నటించి వంటింట్లోకి వెళ్ళిపోయేది. నటించలేకపోయింది ఆయనే. ముందురోజు ఆయన గట్టిగా మాట్లాడింది కోడల్ని తిట్టడానికి కాదు. కొన్నాళ్ళు పుట్టింటికి వెళ్ళు, వాడితో నేను తేల్చుకుంటానని. ఎక్కడికీ వెళ్ళనని ఆ పిల్ల మొండికేసింది. ఆయన తేల్చుకోబోయిన మాట ఎలా తేలిందో ఆవిడకు ఆ కుర్చీలోనే అర్థమైపోయింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది... ఒక్కగానొక్క కొడుకు... నాలుక దానంతట అదే తిరిగింది.

“అమ్మా అనేవారండీ,” అంది.

ఇంటికి వచ్చేసరికి కొడుకు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఏమడిగారని అడిగాడు. చెప్పింది. వేలితో బల్ల మీది గీతలు రుద్దాడు.

“మంచి మాట చెప్పావమ్మా,” అన్నాడు.

ఆ తర్వాత వాడే మాట్లాడాడు. మంచి లాయర్ని పెడతానన్నాడు. ఆడవాళ్ళంటే కోర్టులకు జాలి ఉంటుందన్నాడు. నాలుగేళ్ళలో బయటికొస్తుంది, ఇంట్లో మగదిక్కు లేకపోతే నీ గతేమిటి అన్నాడు. ఆవిడ ఏమీ అడగలేదు! అడగనివాటన్నిటికీ వాడు జవాబులు చెబుతున్నాడు. తల్లి కళ్ళలోకి మాత్రం చూడలేదు.

నాలుగు రోజులు గడిచాయి. విచారణకని కోర్టు కోడలిని పోలీసుల కస్టడీకే ఇచ్చింది. కొడుకు మాత్రం పెట్టింది తింటున్నాడు. పడుకుంటే నిద్ర కూడా పడుతోంది వాడికి. ఆవిడకే అన్నం గొంతు దిగడం లేదు. నవమాసాలు మోసిన కడుపు ఒకవైపు లాగుతోంది, చేసిన పాపం ఒకవైపు లాగుతోంది... అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది ఆ తల్లి. ఐదో రోజు పొద్దున ఇక ఉండలేక, కోడలికి రెండు జతల బట్టలూ, చెప్పులూ సంచిలో పెట్టుకుని స్టేషనుకు బయలుదేరింది.

ఆడ కానిస్టేబులు పది నిమిషాలే అని చెప్పి వెనక గదిలోకి పంపింది. కోడలు గోడకానుకుని కూర్చుని ఉంది. ముఖం పీక్కుపోయింది. అత్తగారిని చూడగానే ఆ పిల్ల మొదట అడిగిన మాట, మోకాళ్ళకు మందు రాసుకుంటున్నారా లేదా అని. ఆ మాటకు ఆవిడ అక్కడికక్కడే కూలబడి భోరుమంది. తిట్టి ఉంటే ఎంత బాగుండును! ఉమ్మేసి ఉంటే ఎంత హాయిగా ఉండును!

కోడలే దగ్గరికి జరిగి చెయ్యి పట్టుకుంది. పక్కవాటా ఆవిడ ఏం విన్నదో, అత్తగారు ఏం చెప్పారో, ఇన్‌స్పెక్టరు అంతా తనకు చదివి వినిపించాడని చెప్పింది.

“మరి కాదని ఎందుకు చెప్పలేదే? నీకు తెలుసుగా ఆయన ఎవర్ని అలా పిలుస్తారో!”

“నేను చెబితే ఎవరు నమ్ముతారత్తయ్యా? తప్పించుకోవడానికి మొగుడి మీదికి తోస్తోందంటారు. అయినా... అందుక్కూడా కాదు.” ఆ పిల్ల తల వంచుకుంది. “నాకు నాన్న లేడు కదా. మామయ్య ఒక్కసారైనా నన్ను అమ్మా అంటారేమోనని ఆరేళ్ళు చూశాను. అనలేదు. అనేవారని మీరు చెప్పారని విన్నాక... అబద్ధమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.”

పెద్దావిడ ఆ పిల్ల ముఖంలోకి చూసింది. తను గొంతు కొయ్యడానికి వాడిన మాటను ఆ పిల్ల ప్రసాదంలా కళ్ళకద్దుకుని తీసుకుంది! కోడలి మీద కొడుకు చెయ్యెత్తినప్పుడు తను అడ్డుపడి ఉంటే ఆయన బతికి ఉండేవాడు. తను నోరు విప్పి ఉంటే ఈ పిల్ల ఇక్కడ కూర్చునేది కాదు. ఆరేళ్ళూ తన మౌనమే ఆ ఇంట్లో సుత్తికి పిడి అయింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, గోడ పట్టుకుని లేచింది.

ఎక్కడికని కోడలు కంగారుగా అడిగింది. ఆవిడ ఇన్‌స్పెక్టరు గది వైపు చూసింది. చెప్పకపోయినా ఆ పిల్లకు తెలిసిపోయింది.

“ఆలోచించుకోండత్తయ్యా. ఒక్క కొడుకు. రేపు మీకెవరున్నారు?”

“ఆలోచించే ఇంత దాకా తెచ్చాను,” అంది ఆవిడ.

ఇన్‌స్పెక్టరు బల్ల ముందు నిలబడే మొత్తం చెప్పింది. తను అబద్ధం చెప్పానని చెప్పింది. ఆయన అమ్మా అని ఎవరిని పిలిచేవాడో, ఎందుకు పిలిచేవాడో, ఎప్పుడు పిలిచేవాడో చెప్పింది. జబ్బ మీది మచ్చల గురించి చెప్పింది. అద్దం కోసం గోడౌనుకు వెళ్ళానన్న కొడుకు ఒక్క పలక కూడా ఇంటికి తేలేదని, అద్దాలు నిలబెట్టే స్టాండు ఆ రోజు నుంచీ ఖాళీగానే ఉందని చెప్పింది. ఇన్‌స్పెక్టరు మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా విని, ముందే ఎందుకు చెప్పలేదని కూడా అడగలేదు. ఆవిడకు కుర్చీ వేయించి, ఇద్దరు కానిస్టేబుళ్ళను పిలిచి గొంతు తగ్గించి ఏదో పురమాయించాడు. తర్వాత వాంగ్మూలం రాయమని రైటరును పిలిచాడు.

రైటరు వయసులో చిన్నవాడు, చేతిరాత గుండ్రంగా ఉంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు నాలుగు పేజీలు రాశాడు. చివర్లో మళ్ళీ మొదటి పేజీకి వచ్చి, ఖాళీగా వదిలేసిన ఒక గీత దగ్గర ఆగిపోయాడు. వాంగ్మూలం ఇస్తున్నవారికి ఈ కేసులో వాళ్ళతో ఉన్న బంధుత్వం రాయాలి. అతనికి ఎటూ తోచలేదు.

“పోయినాయనకు భార్య అని రాయమంటారా? లేక... అతనికి తల్లి అని రాయమంటారా?”

బయట జీపు స్టార్టయింది. ఏ వీధికి వెళుతోందో ఆవిడకు తెలుసు. గేటు దాటి, మలుపు తిరిగి, ఆ చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయేదాకా ఆగింది.

“లోపల కూర్చున్న ఆ పిల్లకు అత్తగారినని రాయి నాయనా,” అంది.

రైటరు ఇన్‌స్పెక్టరు వంక చూశాడు. రాయమన్నట్టు ఆయన తలాడించాడు. సిరా ఆరేదాకా ఉండి, ఆవిడ నాలుగు పేజీల మీదా సంతకం పెట్టింది.