మణెమ్మ శవపెట్టెలో సముద్రం

ఆ బురద కోసం విశాఖపట్నం రేవులో అప్పటికే ఒక మనిషి ప్రాణం పోయింది. 1964 మే నెల. గుంటూరు గెస్ట్ హౌస్‌లో చీఫ్ తలుపు గడియ వేసి, ఏజెంట్ నెహెమ్యా ముందు ఒక శవపెట్టె మూత ఎత్తాడు. లోపల ఐసు, రంపపు పొట్టు, వాటి మధ్య మూడు ఇనుప గొట్టాలు.

"సముద్రం అడుగు బురద. లక్షల ఏళ్ళుగా పొర మీద పొర పేరుకుంది. ప్రతి పొరలోనూ కంటికానని గవ్వలు. వాటి సున్నంలో ఆక్సిజన్ రెండు రకాలు. ఏది ఎంతుందో కొలిస్తే ఆనాటి సముద్రం ఎంత వేడిగా ఉండేదో తెలుస్తుంది."

"దానికి మనిషిని చంపాలా సార్?"

"భూమి ఒకప్పుడు ఎలా వేడెక్కిందో తెలిస్తే, మళ్ళీ వేడెక్కినప్పుడు ఏ రేవు మునుగుతుందో లెక్క కట్టొచ్చు. ముందు తెలిసినవాడు మునగని రేవులన్నీ కొనేస్తాడు. విదేశీ ముఠాకు అదే కావాలి. దక్కకపోతే పాడుచేస్తారు. పెట్టె కిందపడిందా, పొరలు కలిసిపోతాయి. ఇక ఆ బురద వంటపొయ్యి అలుక్కోడానికే."

నెహెమ్యా కవర్ స్టోరీ సింపుల్. పేరు పేతురు. పెట్టెలో భార్య మణెమ్మ. రైల్లో వెళ్ళి మాచర్లలో దిగి, జీపులో విజయపురి చేరి, డాక్టర్ శౌరికి గొట్టాలు అప్పగించాలి. అక్కడ డ్యాం కడుతున్నారు, రోజూ కొత్త యంత్రాలు దిగుతాయి గనక గవ్వల్లో ఆక్సిజన్ కొలిచే శౌరి యంత్రాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

"ముఠాలో మైమూనా అని ఒక అందగత్తె ఉంది. మనకూ పనిచేస్తుందంటారు," అన్నాడు చీఫ్. "నేనైతే నమ్మను."

నెహెమ్యా సర్వీసులో ఎన్నో వేషాలు వేశాడు. ఏ వేషం విప్పినా ఇంటి తాళం తీసుకునేది మాత్రం తనే.

నరసరావుపేటలో ఆదెమ్మ రైలెక్కింది. మాచర్ల మిషన్ బడిలో ఆయా. బ్రేక్‌వ్యాన్‌లో పెట్టె ఎవరిదో గార్డును అడిగి తెలుసుకుని, నేరుగా వచ్చి అతని ఎదురుగా కూచుంది.

"ఎట్టా పోయిందయ్యా నీ ఇంటామె?"

"జ్వరమొచ్చి."

"చానా మంచిదా?"

బ్రీఫింగ్‌లో దీనికి జవాబు లేదు.

"నేనెంత ఆలస్యంగా వచ్చినా అన్నం తినకుండా కూచునేది," అన్నాడు. అతని కోసం ఎవరూ ఎప్పుడూ అలా కూచోలేదు. ఆదెమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. అలాంటి మనిషి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాడు.

మాచర్ల ప్లాట్‌ఫాం మీద పెట్టె దించగానే ఆదెమ్మ ఎరిగిన ఆడవాళ్ళు పదిమంది చుట్టూ చేరి శోకాలు మొదలెట్టారు. అంతలో తెల్లచీర కట్టిన చక్కని మనిషి జనాన్ని తోసుకొచ్చి పెట్టె మీద పడింది. వెనక ఇద్దరు వస్తాదులు.

"అక్కా! మణెమ్మక్కా! నిన్ను మనూళ్ళోనే పూడుస్తానే!"

మైమూనా! చీఫ్ చెప్పిన అందగత్తె ఈమే అయ్యుండాలి. మణెమ్మ చెల్లెలు కాదంటే, తేల్చుకోడానికి మూత తెరవమంటారు. తెరిస్తే అందరూ చూస్తారు. వస్తాదులు పెట్టెను అమాంతం లేపారు. నెహెమ్యా అడ్డంపడ్డాడు. పెద్దవాడు పళ్ళు కొరికి, పెట్టె తనవైపు కొసను నేలకేసి కొట్టడానికి భుజం పైకెత్తాడు.

సరిగ్గా అప్పుడు మైమూనా నెహెమ్యా కాళ్ళు పట్టుకుంది. "అడ్డం రాకు అన్నయ్యా! మా అక్కను మాకిచ్చెయ్యి అన్నయ్యా!"

శోకాలు ఠక్కున ఆగాయి.

"అక్క మొగుణ్ణి అన్నయ్యంటదేందే ఈ పిల్ల!" అంది ఆదెమ్మ. "బావ గదా! ఒరేయ్, ఎవుర్రా మీరు? శవాన్ని ఎత్తుకపోను వచ్చారంట్రా? పట్టుకోండే!"

పది జతల చేతులు పెట్టె కిందికి వెళ్ళాయి. పెట్టె పసిపిల్లలా మెల్లగా నేలకు దిగింది. వస్తాదులు పట్టాల వెంబడి పరుగెత్తి రైల్వే పోలీసుల చేతిలో పడ్డారు. మైమూనాను కూడా పట్టుకెళ్తుంటే నెహెమ్యా పక్కన నడిచాడు.

"నోరు జారిందా?"

"గుంటూరు ఆడపిల్లని. వరసలు తెలవకనా?" అంది, తల తిప్పకుండానే. "నన్ను జైల్లో పెట్టించు. బయటుంటే వాళ్ళు చంపుతారు."

విజయపురిలో చుట్టాలకు కడసారి చూపించి తెస్తానని ఆదెమ్మకు చెప్పి, నెహెమ్యా పెట్టెను జీపెక్కించాడు. సాయంత్రానికి గొట్టాలు శౌరికి చేరాయి. ఖాళీ పెట్టె మిగిలింది. మాచర్లలో ఆదెమ్మ గుంత తవ్వించి, పాస్టరుగారిని పిలిచి ఎదురుచూస్తోంది. నెహెమ్యా ఆ పెట్టెతో వెనక్కి వెళ్ళక తప్పలేదు. పిడికెడు మన్ను వేశాక చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు. ఆదెమ్మ అతణ్ణి ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టింది.

మర్నాడు ట్రంక్ కాల్‌లో చీఫ్ అడిగాడు. "మిషన్ సక్సెస్. మనవైపు నష్టమేమన్నా ఉందా?"

"భార్య పోయింది సార్."

"నీకు పెళ్ళెప్పుడయిందయ్యా?"

"నరసరావుపేట దాటాక," అన్నాడు నెహెమ్యా.