భోజనం మధ్యలో లేచిన అతిథి

"నోరు బాగా తెరువు," అన్నాడు డాక్టర్.

ముల్లు తెరిచాడు. పళ్ళ డాక్టరు కుర్చీలో వెల్లకిలా పడుకుని ఆర్డర్లు తీసుకోవడం అతనికి కొత్తేమీ కాదు. బయట బెంచీ మీద దవడలు పట్టుకుని కూర్చున్న పేషెంట్లు నిజం. గోడ మీది సర్టిఫికెట్టు నిజం. డాక్టర్ అసలు ఉద్యోగం మాత్రం వేరు. ఆయన రహస్య విభాగానికి చీఫ్. 'ముల్లు' అనే కోడ్‌నేమ్ పెట్టింది కూడా ఆయనే.

"కింది దవడ, కుడివైపు. ఈ క్యాప్‌లో ట్రాన్స్‌మిటర్ పెట్టాను. గట్టిగా కొరికితే రికార్డింగ్ మొదలవుతుంది. ఆ వైపుతో గట్టివేమీ నమలకు."

"అఁ," అన్నాడు ముల్లు.

"కష్టమే. రేపు నీ డ్యూటీ రోజంతా తినడం."

డాక్టర్ చేతులు కదులుతూనే ఉన్నాయి, మాట సాగుతూనే ఉంది. రేవు అడుగున ఒక అలారం వల ఉంది. శత్రు సబ్‌మెరైన్ దాన్ని తాకితే ఒడ్డు మీద గంట మోగుతుంది. ఆ వల రహస్యమంతా ఒకే ఒక్క బుర్రలో ఉంది, దాన్ని కట్టిన ఇంజనీరు బుర్రలో. ఆయన రేపు భార్యతో కలిసి ఆ రేవు పట్నం చూడబోతున్నాడు. సెక్యూరిటీ ఇస్తామంటే వద్దన్నాడట. 'ఉద్యోగమంతా నీళ్ళ కింద చేశాను, ఒక్కరోజు నీళ్ళ పైన తిరగనివ్వండి' అన్నాడట.

"ఆయన పోతే మన రేవు తలుపుల్లేని ఇల్లే. శత్రువుల గూఢచారి ముఠా ఉందిగా, పగడం రింగు, ఆయన్ని చంపడానికి 'అతిథి'ని పంపిస్తోంది."

ఆ పేరు వినగానే ముల్లు నోరు టపీమని మూశాడు. డాక్టర్ వేలు వెనక్కి తీసుకోవడం ఒక్క క్షణం ఆలస్యమైతే వేలు మిగిలేది కాదు.

అతిథి మొహం చూసినవాడు లేడు. భోజనాల దగ్గర చేరి, పని కానిచ్చి, లేచిపోతాడు కాబట్టి ఆ పేరు. పోయిన ఏడు అదే పట్నంలో అతని వెంటపడిన ఏజెంటు ముల్లుకి సొంత చెల్లెలు. ఆ సాయంత్రం ఆమె వైర్‌లెస్ నుంచి గుసగుసగా ఒక మాట వినిపించింది. "పని అయిపోయింది. నేను వెళ్తున్నాను." అంతే. మనిషి లేదు, శవం లేదు. శత్రువులతో కలిసిపోయిందని తేల్చి ఆమె ఫైలు మూసేశారు.

తల్లి మాత్రం ఒప్పుకోలేదు. "అది నా కూతురి మాట కాదురా. వీధి చివర కొట్టుకి పోతున్నా 'వెళ్ళొస్తానమ్మా' అంటుంది. వెళ్తున్నాను అంటే మూతి మీద ఒక్కటి వేసి పెంచాను. ప్రాణం పోయేటప్పుడైనా దాని నోట ఆ మాట రాదు," అంది. ఆ తల్లి ఎదురొస్తే ఇరుగుపొరుగు వాళ్ళు గోడ వైపు తిరిగి నడవడం మొదలుపెట్టి ఏడాది అవుతోంది.

"తల్లి మనసుని ఎవిడెన్స్‌గా తీసుకోలేం," అని అప్పట్లో తేల్చేసిన డాక్టరే ఇప్పుడు గొంతు తగ్గించాడు. "చూడు, ముల్లుని ముల్లుతోనే తీయాలి. అందుకే నిన్ను పంపిస్తున్నాను. కానీ తీశాక రెండు ముళ్ళూ పారేస్తారు. వాణ్ణి చంపావంటే మీ చెల్లెలి ఫైలు ఇంక ఈ జన్మలో తెరుచుకోదు. ప్రాణాలతో కావాలి."

ముల్లు తల ఊపాడు. ఊపిన తలకీ లోపలి ఆలోచనకీ చుట్టరికం లేదు.

వెళ్ళేముందు డాక్టర్ అతని చేతిలో ఒక టూత్‌పేస్ట్ ట్యూబు పెట్టాడు. "దీంతో పళ్ళు తోముకోకు. అంటుకుంటే రంపం పెట్టి కోసినా రాని జిగురు. రేపు నువ్వు టూత్‌పేస్ట్ కంపెనీ సేల్స్‌మన్‌వి."

* * *

'ఊరు చూడు, రుచి చూడు' అన్నది ఆ టూరు పేరు. రేవు గేటు దగ్గర గైడు ఎర్ర స్కార్ఫుతో, నల్ల కళ్ళద్దాలతో, చేతిలో మడిచిన గొడుగుతో నిలబడి ఉంది. ఆమె నవ్వితే కస్టమ్స్ గుమాస్తాలు ముద్ర ఒకచోట వేయబోయి ఇంకోచోట వేసేవారు. ఆమె పగడం రింగులో మనిషి. డాక్టర్ మనిషి కూడా ఆమే.

"ఈ ఊళ్ళో గాలి కాస్త ఉప్పగా ఉందే," అన్నాడు ముల్లు.

"కన్నీళ్ళంత ఉప్పు కాదులెండి," అంది ఆమె. కోడ్ సరిపోయింది.

టూరులో ఉన్నది కొద్దిమందే. బట్టతల మీద టోపీ పెట్టుకున్న ఇంజనీరు. సంచీ నిండా మందులతో, నోటి నిండా మాటలతో ఆయన భార్య. ఆవిడ మొదటి పది నిమిషాల్లోనే తనని 'పిన్నిగారూ' అనమని అందరికీ ఆర్డరు వేసేసింది. పొడవాటి నల్ల సంచీ మోస్తున్న ఒక కొత్త పెళ్ళికొడుకు, అతని చెయ్యి వదలని పెళ్ళికూతురు. చేతికర్ర, భుజాన కెమెరా సంచీ, ఇస్త్రీ చొక్కాతో రిటైరైన తెలుగు మాస్టారు.

ముందు లైట్‌హౌస్ ఎక్కారు. అక్కడి నుంచి పాత కోట మీదికి పోయారు. అక్కడ ఇంకా పనిచేస్తున్న ఒక ఫిరంగి ఉంది. "రోజూ సరిగ్గా మధ్యాహ్నం పన్నెండుకి పేలుస్తారు. ఊరంతా గడియారాలు సరిచేసుకుంటుంది," అంది గైడు. మాస్టారు దాన్ని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. తర్వాత చేపల వేలం షెడ్డు. వేలం పాడేవాడి నోటి వేగం చూసి ఇంజనీరు నిలబడిపోతే, ఎదురుగా బండి మీద వేపుతున్న చేప ముక్కలు చూసి పిన్నిగారు నిలబడిపోయింది.

"తిను బాబూ. ఏంటి, ఒక వైపే నములుతున్నావు? పాపం, టూత్‌పేస్ట్ కంపెనీలో పనిచేస్తూ పుచ్చిపళ్ళా?"

"దీపం కిందే చీకటి, పిన్నిగారూ," అన్నాడు ముల్లు.

"కోటి విద్యలు కూటి కొరకే కదా నాయనా," అన్నాడు మాస్టారు ఎముక తీసి పక్కన పెడుతూ. ఆయన మాట ఒత్తులూ దీర్ఘాలూ తూకం వేసినట్టు ఉండేది. పిన్నిగారు మురిసిపోయింది. "మా బళ్ళో మీలాంటి మాస్టారు ఉండుంటే నేను తెలుగులో ఫస్టు వచ్చేదాన్ని," అంది.

ముల్లు చూపు మాత్రం పెళ్ళికొడుకు నల్ల సంచీ మీదే ఉంది. మ్యూజియం ఓడ మెట్ల దగ్గర కాలు జారినట్టు నటించి ఆ సంచీ మీద పడ్డాడు. చెయ్యి లోపలికి పోయింది. తగిలింది తుపాకీ కాదు. మడతపెట్టిన కెమెరా స్టాండు, అత్తగారు ఇచ్చిన అప్పచ్చుల డబ్బా.

ఓడ డెక్ మీద గైడు పక్కకి చేరాడు. "మా చెల్లెలిని అప్పజెప్పింది నువ్వేనా?"

ఆమె నవ్వు మొహం మీదే ఉంది, గొంతులో లేదు. "ఆ రోజు నన్ను వేరే వీధిలో నిలబెట్టారు. అతిథి మొహం నాకూ తెలీదు. ఫోన్‌లో ఆర్డరు వస్తుంది, చేస్తాను. ఈరోజు వచ్చిన ఆర్డరు ఒకటే. ఇంజనీరుని తేలే హోటల్లో, చివరి టేబుల్ దగ్గర కూర్చోబెట్టమన్నారు."

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టావు. ఎటు పడతావో నీకే తెలీదు."

"రెండూ తేలుతున్నంతసేపూ నాకేం కాదు."

"ఒకదాన్ని ముంచడానికే వచ్చాను," అన్నాడు ముల్లు. ఏడాదిగా అతను ఆ మొహం లేని మనిషిని కలలో రోజుకో రకంగా చంపుతున్నాడు. ప్రాణాలతో అన్న మాట డాక్టర్‌ది. ఆ మాటని మనసులో ఎక్కడ పెట్టుకోవాలో అతనికి ఇంకా తెలియడం లేదు.

* * *

తేలే హోటలు అంటే పాత పడవ మీద కట్టిన పెద్ద హాలు. ఒడ్డుకీ దానికీ మధ్య ఒక చెక్క వంతెన. చివరి టేబుల్ కిటికీ పక్కన ఉంది. ఇంజనీరు కూర్చున్నాడు. అందరూ చుట్టూ సర్దుకున్నారు. సూపు వచ్చింది, రొయ్యలు వచ్చాయి. ఇంజనీరు చెంచాలూ ఫోర్కులూ పేర్చి పిన్నిగారికి తన వల ఎలా పనిచేస్తుందో చెప్పబోతే, ఆవిడ ఫోర్కు లాక్కుని "అది రహస్యం కాదూ, ముందు తినండి," అంది.

మాస్టారు రెండు చెంచాల సూపు తాగి రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. కర్ర అందుకున్నాడు.

"పడవ ఊగుతోంది, నాకు కళ్ళు తిరుగుతున్నాయి. మీరు కానివ్వండి. నేను వెళ్తున్నాను."

"అయ్యో మాస్టారూ, అంతటివారు మీరే అలా అంటే ఎలా? వెళ్తున్నాను అనకూడదండీ, వెళ్ళొస్తాను అనాలి," అంది పిన్నిగారు.

"రెండూ ఒకటే కదమ్మా," అని నవ్వాడు మాస్టారు. "వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు."

"వ్యాకరణం ఎవరిక్కావాలి. మీ అమ్మగారు మూతి మీద కొట్టలేదా? ఉండండి, సంచీ మర్చిపోయారు."

"ఉండనీ అమ్మా, చూస్తూ ఉండు."

ముల్లు చేతిలో చెంచా ఆగిపోయింది. ఈ గొంతు వేరు, ఆ గుసగుస వేరు. కానీ మాట అదే. పుస్తకాల్లో తెలుగంతా నేర్చుకుని, మూతి మీద కొట్టే తల్లి దగ్గర మాత్రం నేర్చుకోనివాడి మాట. అతని చూపు ఇంజనీరు కుర్చీ కిందికి పోయింది. అక్కడ కెమెరా సంచీ. గోడ మీద గడియారం పన్నెండుకి దగ్గర పడుతోంది. ఫిరంగి మోతలో ఇంకో మోత కలిసిపోతే ఎవరికీ వెంటనే తెలియదు. ఆ కాస్త వ్యవధి చాలు, కర్ర పట్టుకున్న ముసలాయన జనంలో కలిసిపోవడానికి.

ముల్లు గైడు పక్కగా నడుస్తూ అన్నాడు. "సంచీలో బాంబు. హాలు ఖాళీ చెయ్యి. గోల కాకుండా."

ఆమె రంగు మారింది. కానీ మైకు అందుకున్నప్పుడు గొంతు తేనెలాగే ఉంది. "మిత్రులారా, హోటల్ వారి కానుక. ఒడ్డు మీద బండి దగ్గర ముందు వచ్చినవారికి ఐస్‌క్రీమ్ ఉచితం."

నిప్పంటుకున్నా అంత తొందరగా ఖాళీ అయ్యేది కాదు. పిన్నిగారు ఇంజనీరు చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఆ తోపులాటకి ఎదురెళ్ళి ముల్లు వంతెన మొదట్లో మాస్టారు మోచెయ్యి దొరకబుచ్చుకున్నాడు.

"భోజనం మధ్యలో అతిథి లేవకూడదండీ."

ముసలాయన కళ్ళల్లో ముసలితనం పోయింది. కర్ర లేచింది. ముల్లు దాన్ని లాగి నీళ్ళలోకి విసిరి, మనిషిని చివరి టేబుల్ దాకా ఈడ్చుకొచ్చి కూలేశాడు. టూత్‌పేస్ట్ ట్యూబు మూత పళ్ళతో తీశాడు. జిగురు పిండి, అతిథి ఎడమ అరచెయ్యి టేబుల్ మీద అతికించేశాడు.

"అమ్మాయ్, పగడం," అన్నాడు అతిథి గైడు వైపు తిరిగి. అది ఆర్డరు మాట. "వీణ్ణి కాల్చు."

గైడు గొడుగు లేచింది. గొడుగు కొసన సన్నని రంధ్రం. ఒక క్షణం అది ముల్లు గుండెకి ఎదురుగా నిలిచింది. తర్వాత మెల్లగా పక్కకి తిరిగి అతిథి నుదుటి దగ్గర ఆగింది.

"కాలు తీసేశానండీ. మీ పడవ మునుగుతోంది," అంది.

"నువ్వు ఒడ్డుకి పో," అన్నాడు ముల్లు ఆమెతో. ఆమె వెళ్ళింది. అతను కుర్చీ లాక్కుని అతిథికి ఎదురుగా కూర్చున్నాడు. కుడి దవడ గట్టిగా కొరికాడు. ప్రాణం జివ్వుమంది. రికార్డింగ్ మొదలైంది.

"పిచ్చా నీకు? పేలితే ఇద్దరం పోతాం," అన్నాడు అతిథి.

"నీ కుడి చెయ్యి ఖాళీగానే ఉంది. ఆపడం నీకు వచ్చు. కానీ ముందు చెప్పు. పోయిన ఏడు వైర్‌లెస్‌లో 'వెళ్తున్నాను' అన్నదెవరు?"

"ముందు ఆ సంచీ ఇలా ఇవ్వు."

"ముందు చెప్పు. తొందరేం లేదు, సూపు ఇంకా వేడిగానే ఉంది." ముల్లు సంచీ తన ఒళ్ళో పెట్టుకున్నాడు. లోపల చిన్న చప్పుడు, గోడ గడియారం చప్పుడుతో పోటీపడుతోంది. లేచి వంతెన దాటిపోతే చాలు, వీడు ఇక్కడే పోతాడు. ఏడాదిగా కోరుకున్నది అదే కదా. కానీ వీడితోపాటు ఆ మాట కూడా నీళ్ళ పాలైతే, అమ్మకి ఎదురొచ్చేవాళ్ళు గోడ వైపే తిరిగి నడుస్తారు. "నువ్వు చెప్పేదాకా నేనూ లేవను. చెల్లెలి పక్కకి పోవడానికి నాకేం భయం లేదు. నీకెవరైనా ఉన్నారా అక్కడ?"

అతిథి నుదుటి మీద చెమట పట్టింది. తెలుగు తూకం తప్పింది.

"నేనే. నేనే అన్నాను. ఆ పిల్ల... నా పేరు చెప్పమంది, నేను చెప్పలేదు. తన వాళ్ళ పేర్లు నేను అడిగాను, తనూ చెప్పలేదు. ఒక్కటి కూడా చెప్పలేదు. లైట్‌హౌస్ వెనక, రాళ్ళ అవతల లోతులో వదిలాను. తర్వాత తన వైర్‌లెస్‌లో గొంతు తగ్గించి చెప్పాను. ఇక ఇవ్వు, ఇవ్వు ఆ సంచీ..."

ఒక్కటి కూడా చెప్పలేదు. ముల్లుకి కళ్ళు మసకబారాయి. చేతులు సంచీని వదలనన్నాయి. కోట మీద ఫిరంగి దగ్గర సైనికుడు కాగడా ఎత్తడం కిటికీలోంచి కనిపించింది. 'వెళ్ళొస్తానమ్మా' అని ఆఖరిసారి గుమ్మం దిగిన పిల్ల ఇంకా ఇంటికి రావాలి. మనిషిగా కాకపోయినా, పేరుగా అయినా రావాలి.

సంచీ టేబుల్ మీద పెట్టాడు. అతిథి కుడి చెయ్యి లోపలికి దూరింది. కెమెరా లెన్సు ఒకసారి కుడికి, రెండుసార్లు ఎడమకి తిప్పాడు. లోపలి చప్పుడు ఆగింది.

కోట మీద పేలింది. ఫిరంగి మాత్రమే. కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఊరంతా గడియారాలు సరిచేసుకుంది.

* * *

టేబుల్ పలకని కోసి, పలకతో సహా అతిథిని వ్యానెక్కించాల్సి వచ్చింది. డాక్టర్ స్వయంగా వచ్చాడు. చెవిలో ఇయర్‌ఫోన్ తీసి, ముల్లు మొహం చూడలేక సముద్రం వైపు చూశాడు.

"ఫైలు సాయంత్రం నేనే తెరుస్తాను. లైట్‌హౌస్ వెనక్కి డైవర్లు బయల్దేరారు. అమ్మగారి దగ్గరికి... నేను రావచ్చా?"

"రండి. వీధిలో అందరికీ వినిపించేలా చెప్పాలి," అన్నాడు ముల్లు. దవడ వాచిపోయింది.

అవతల ఐస్‌క్రీమ్ చేత్తో పట్టుకుని పిన్నిగారు వ్యాను వైపు ఆశ్చర్యంగా చూస్తోంది. "పాపం మాస్టారికి ఏమైంది? టేబులు చేతికి తగిలించుకుని పోతున్నారేంటి?"

వ్యాను తలుపు మూసేముందు అతిథి ముల్లు వైపు చూశాడు. మర్యాద మిగిలే ఉంది, లేదా పాఠం వంటబట్టినట్టుంది.

"సరే, వెళ్ళొస్తాను," అన్నాడు.

ముల్లు గొళ్ళెం వేశాడు.

"ఈసారికి మీ వ్యాకరణమే కరెక్టు మాస్టారూ. వెళ్తున్నాను అనాలి."